ఐరిష్ పేరులో హెచ్ మన ఒత్తు కాదు

సంపాదకులకు,

ఐర్లండ్‌లో ఉంటున్న తెలుగువాళ్లలో కొందరు బిడ్డకు అక్కడి పేరు కూడా పెట్టాలని ముచ్చటపడుతున్నారు. మంచిదే. కానీ వాళ్ల చేతికి అందే పేర్ల పట్టికలు చాలావరకు ఇంగ్లిషు అక్షరాలు చూసి తెలుగులోకి దించేసినవి. 'సియోభాన్', 'నియామ్', 'తాధ్గ్' అని కనిపిస్తుంటాయి. ఆ పేర్లతో పిలిస్తే డబ్లిన్‌లో ఎవరూ పలకరు. అవి షివాన్, నీవ్, టైగ్.

తప్పు ఎక్కడ జరుగుతోందంటే, భరత్, ధనలక్ష్మి అని ఇంగ్లిషులో రాసేటప్పుడు మనకు హెచ్ అంటే ఒత్తు. ఐరిష్‌లో అది ముందున్న హల్లును మెత్తబరిచే గుర్తు. బి పక్కన, ఎం పక్కన హెచ్ వస్తే ఆ రెండూ చాలా పేర్లలో 'వ' అవుతాయి. టి పక్కన వస్తే 'హ' మాత్రమే మిగులుతుంది. మనం 'కాథల్' అని చదివేది నిజానికి కహల్. డి పక్కన వస్తే, టైగ్‌లో లాగా, పక్క అచ్చులో కలిసిపోవచ్చు. ఎస్ సంగతి ఇంకా సులువు: పక్కన ఇ గానీ ఐ గానీ ఉంటే 'ష', ఏ, ఓ, యు ఉంటే 'స'. సీర్షా (Saoirse) పేరులో రెండు ఎస్‌లున్నాయి. మొదటిదాని పక్కన ఏ, రెండోదాని పక్కన ఇ, అందుకే పలుకు మారింది. ఈ పేరునే కొన్ని ప్రాంతాల్లో 'సర్షా' అంటారు, రెండూ ఒప్పే.

అచ్చు మీద వాలుగా గీసే గీత ఫాడా. అది మన దీర్ఘం లాంటిది, అలంకారం కాదు. షాన్ మీది ఫాడా తీసేస్తే ఐరిష్‌లో 'షన్' అవుతుంది. ఆ మాటకు 'ముసలి' అని అర్థం! ఐర్లండ్‌లో పుట్టిన మూడు నెలల్లోపు జననం నమోదు చేయించాలి. అప్పుడే ఫాడా సరైన అచ్చు మీద పడిందో లేదో చూసుకోవాలి. పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే వరుసల్లో మాత్రం ఏ నుంచి జెడ్ వరకు ఉన్న అక్షరాలే పడతాయి, ఫాడాకు చోటు లేదు. దాని బదులు మన అలవాటు కొద్దీ ఏ-ఏ, ఐ-ఐ అని జంటగా రాస్తే ఒక్క బిడ్డకు రెండు స్పెల్లింగులు తయారవుతాయి. అలాంటి చోట గీత మాత్రం వదిలేయండి, అక్షరాలు మార్చకండి.

ఇక ఆ పట్టికలు వేసే 'ప్రాచీన కెల్టిక్ నామం' అన్న ముద్ర. సీర్షా అంటే స్వాతంత్ర్యం. అది పేరుగా వాడుకలోకి వచ్చింది 1920ల నుంచే. షాన్, షివాన్, షినేడ్ 12వ శతాబ్దంలో వచ్చిన నార్మన్ల ఫ్రెంచి నుంచి దిగినవి, మూలం హీబ్రూ యోహాను. లియమ్ విలియమ్‌కు పొట్టి రూపం, జర్మానిక్ మూలం. కొలీన్ అంటే ఉత్త 'అమ్మాయి', ఐర్లండ్ బయటే పేరుగా చెల్లింది.

నిజంగా పాతవి కావాలంటే మేవ్, సైవ్ చూడండి. మేవ్‌కు 'మత్తెక్కించేది' అని అర్థం, మన 'మధు'తో ఒకే మూలం. సైవ్ మన 'స్వాదు'కు చుట్టం. రీఅన్‌లోని 'రీ' అంటే రాజు, ఆ మాటా మన 'రాజ' శబ్దమూ ఒకే వేరు నుంచి పుట్టినవి. అగ్ని అని అర్థమిచ్చే మరో పాత పేరుంది, పలుకు మాత్రం వట్టి 'ఏ'. తెలుగింట్లో ఆ పేరుతో పిల్లాణ్ణి పిలిస్తే గదమాయించినట్టే ఉంటుంది. దాని ముద్దు రూపం ఏడన్ నయం.

కథలు కూడా తెలుసుకోవాలి. ఈఫా అంటే ఐరిష్ పురాణగాథలో లిర్ అనే ఆయన పిల్లలు నలుగురినీ తొమ్మిది వందల ఏళ్లు హంసలుగా మార్చిన సవతి తల్లి. కైకేయి పేరు పెట్టని మనకు ఇది జంకే. కానీ ఐరిష్ వాళ్లు ఈఫా అని నిక్షేపంగా పెట్టుకుంటారు. 1170లో వాటర్‌ఫర్డ్‌లో నార్మన్ దొర స్ట్రాంగ్‌బోను పెళ్లాడిన రాకుమారి పేరూ అదే.

ఐరిష్ మాట్లాడే టీచరు షాన్‌ను 'అ హ్యాన్' అని పిలిస్తే కంగారుపడకండి. రాముణ్ణి మనం 'రామా' అన్నట్టు అది సంబోధన.

చివరగా పేరును ఇంట్లో పెద్దవాళ్ల చెవిన వేసి చూడండి. ఊనా అక్కడ ముద్దైన పేరు, మనకు 'ఊనం' గుర్తొస్తుంది. నీవ్ అంటే కాంతి, మన చెవికి 'నీవు' అని వినిపిస్తుంది, ఇబ్బంది లేదు. ఏ తంటా లేనిది తారా. అక్కడ మీత్ కౌంటీలోని రాజుల కొండ పేరు, పలికేటప్పుడు 'టారా' అంటారు. మన నక్షత్రంతో దానికి చుట్టరికం లేదు, స్పెల్లింగు మాత్రం ఒకటే.

– ఒక పాఠకురాలు, డబ్లిన్