‘ప్రజల్లో చైతన్యం లేదు’ అని ఇక రాయకండి

సంపాదకులకు నమస్కారం.

గత రెండు నెలల్లో వాతావరణ మార్పు గురించి మీ పత్రికలో వచ్చిన వార్తలూ వ్యాసాలూ కత్తిరించి ఒక ఫైల్లో పెట్టుకున్నాను. మొత్తం పదకొండు. వాటిలో ఏడింటిలో, మాటలు కాస్త అటూ ఇటూ అయినా, ఒకే వాక్యం ఉంది: ‘ప్రజల్లో చైతన్యం కొరవడింది.’ ఒకచోట అదే శీర్షిక కూడా అయింది. రాసినవారి ఆవేదనను నేను తప్పు పట్టడం లేదు. ఇరవై ఏడేళ్లు నేనూ అదే రాశాను. కరెంటు పొదుపు మీద పోస్టర్లకు, కరపత్రాలకు, రేడియో ప్రకటనలకు మాటలు రాయడమే నా ఉద్యోగం. ‘మేలుకోండి’, ‘ఇకనైనా కళ్లు తెరవండి’, ‘ఎవరికీ పట్టడం లేదు’ అనే మాటల్లో ఏదో ఒకటి లేకుండా నేను రాసిన పోస్టర్లు చాలా తక్కువ. ఉద్యోగ విరమణ తరువాత తీరిగ్గా ప్రవర్తనా శాస్త్రం, అంటే మనుషులు ఎప్పుడు ఎలా నడుచుకుంటారో, ఎందుకు నడుచుకుంటారో చెప్పే శాస్త్రం, చదవడం మొదలుపెట్టాను. ఆ మాటలు మేలు చేయకపోగా కీడు చేసి ఉండవచ్చని తెలిసి చాలా రోజులు మనసు మనసులో లేదు. ఈ ఉత్తరం అందుకే.

ముందు మా అపార్ట్‌మెంట్‌లో జరిగింది చెబుతాను.

మావి ఇరవై నాలుగు ఇళ్లు. మేడపైన అందరికీ కలిపి సోలార్ ప్యానెళ్లు పెట్టిద్దామని నిరుడు అసోసియేషన్ సమావేశంలో ప్రతిపాదించాను. ఒక్కరూ అవుననలేదు, కాదనీ అనలేదు. ఒకాయన ఫోను చూసుకున్నారు. ఒకావిడ ఒళ్లో పిల్లాణ్ని సర్దుకున్నారు. కార్యదర్శిగారు ‘తరువాత చూద్దాం’ అని ఇంకో అంశానికి వెళ్లిపోయారు. మెట్లు దిగుతుంటే రెండో అంతస్తు మాస్టారు నా పక్కకు వచ్చి, ‘మీరు చెప్పింది మంచిదేనమ్మా, నాకూ ఇష్టమే. మనవాళ్లే ఒప్పుకోరు’ అన్నారు. మర్నాడు లిఫ్టులో ఇంకొకావిడ నోట అదే మాట. ఆ వారం తిరిగేలోగా మరో ముగ్గురు అదే మాట అన్నారు.

ఒప్పుకోని ఆ ‘మనవాళ్లు’ ఎవరో చూద్దామని నోటు పుస్తకం తీసుకుని ఇంటింటికీ తిరిగాను. రెండే ప్రశ్నలు. మీకు ఇష్టమేనా? మన ఇరవై నాలుగు ఇళ్లలో ఎన్ని ఇళ్లవాళ్లు ఒప్పుకుంటారని మీ అంచనా? దాదాపు ప్రతి గుమ్మం దగ్గరా జవాబు కన్నా ముందు ఎదురుప్రశ్న వచ్చింది: ‘ఇంతవరకు ఎవరెవరు సరే అన్నారు?’ పేర్లు చెప్పను, ముందు మీ మాట చెప్పండి అన్నాను. నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దావిడ తలుపు సగమే తీసి మాట్లాడుతున్నారు. మొదటి ప్రశ్న వినగానే లోపలికి వెళ్లి ఒక పాత డైరీ తెచ్చారు. రెండేళ్ల కరెంటు వాడకం నెలనెలా యూనిట్లతో సహా అందులో రాసి ఉంది. ఒక పేజీ అడుగున, ప్యానెళ్లు పెడితే అందులో ఎంత తగ్గుతుందో పెన్సిలుతో లెక్క కట్టుకున్నారు. ‘మరి సమావేశంలో చెప్పలేదేమండీ?’ అని అడిగితే, ‘అంతమందిలో నేనొక్కదాన్నే చెయ్యెత్తితే ఏం బాగుంటుందమ్మా’ అన్నారు.

తిరగడం పూర్తయ్యాక లెక్క చూశాను. మా ఇంటితో కలిపి పద్దెనిమిది ఇళ్లు సరే అన్నాయి. అంచనాల వరసలో మాత్రం అయిదు, ఆరు, ఎనిమిది అనే అంకెలే ఎక్కువ. మాస్టారు వేసింది నాలుగు. పద్దెనిమిది ఇళ్లవాళ్లు తమలా ఆలోచించే ఇళ్లు అయిదో, ఆరో, ఎనిమిదో ఉన్నాయనుకుంటూ ఇన్నాళ్లూ ఒకే లిఫ్టు ఎక్కి దిగుతున్నారన్నమాట.

ఇది మా ఒక్క భవనం సంగతే అయితే మీకు రాసేదాన్ని కాదు. పీటర్ ఆండ్రే, టియోడోరా బోనేవా, ఫెలిక్స్ చోప్రా, ఆర్మిన్ ఫాల్క్ అనే ఆర్థికవేత్తలు 125 దేశాల్లో దాదాపు 1,30,000 మందిని అడిగిన సర్వే ఫలితాలు 2024లో ‘నేచర్ క్లైమేట్ చేంజ్’ పత్రికలో వచ్చాయి. భూతాపాన్ని అరికట్టడానికి ప్రతినెలా తమ ఇంటి ఆదాయంలో 1 శాతం ఇవ్వడానికి సిద్ధమన్నవారు 69 శాతం. ప్రభుత్వాలు ఇంకా ఎక్కువ చేయాలన్నవారు 89 శాతం. మీ దేశంలో ఎంతమంది ఆ 1 శాతం ఇస్తారనుకుంటున్నారు అని అడిగితే వచ్చిన సగటు అంచనా 43 శాతం. నా నోటు పుస్తకంలో కనిపించిందే ఇదీ. చాలామంది లోలోపల ఒకటే అనుకుంటారు, ఎదుటివారు మాత్రం అలా అనుకోవడం లేదని నమ్ముతారు. ఆ నమ్మకంతోనే నోరు విప్పరు. ఎవరూ నోరు విప్పకపోవడం చూసి ఆ నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. అదే సర్వేలో ఇంకో సంగతీ తేలింది: ఇతరులు సిద్ధంగా ఉన్నారని నమ్మేవారిలోనే తామూ సిద్ధమనేవారు ఎక్కువ. అలాంటప్పుడు ‘ఎవరికీ పట్టడం లేదు’ అని లక్షల మంది చదివే చోట అచ్చు వేస్తే, పట్టించుకునేవాళ్ల నోరు కూడా మనమే నొక్కినట్టు కాదా?

ఆ మాట చేసే హానికి అమెరికాలోని ఆరిజోనాలో మంచి నిదర్శనం ఉంది. అక్కడి పెట్రిఫైడ్ ఫారెస్ట్ జాతీయ పార్కులో కోట్ల ఏళ్ల కిందట రాయిగా మారిన చెట్ల ముక్కలను సందర్శకులు జేబులో వేసుకుని పోతుంటారు. రాబర్ట్ చాల్దీనీ అనే మనస్తత్వవేత్త బృందం దారుల వెంట రెండు రకాల బోర్డులు పెట్టి చూసింది. ఒకటి, చాలామంది సందర్శకులు ముక్కలు తీసుకుపోవడం వల్ల అడవి పాడైపోతోందని వాపోయే బోర్డు. రెండోది, దయచేసి తీసుకోవద్దని సూటిగా చెప్పే బోర్డు. లెక్క తెలియడానికి వాళ్లు గుర్తుపెట్టి దారిలో ఉంచిన ముక్కల్లో రెండో బోర్డు ఉన్నప్పుడు 1.67 శాతం మాయమైతే, మొదటి బోర్డు ఉన్నప్పుడు 7.92 శాతం మాయమయ్యాయి. తప్పును ఖండించబోయి, అది అందరూ చేసేదే అని బోర్డు చెప్పేసింది. నేను రాసిన పోస్టర్లలో ఎన్ని ఈ మొదటి బోర్డు లాంటివో తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

కాలిఫోర్నియాలో జెస్సికా నోలన్ బృందం చేసి 2008లో ప్రచురించిన పరిశోధన నా వృత్తికి మరీ దగ్గరగా తగిలింది. కరెంటు ఎందుకు పొదుపు చేస్తారని వాళ్లు 810 మందిని అడిగారు. పర్యావరణం కోసమని, సమాజం కోసమని, డబ్బు మిగులుతుందని చెప్పారు. ఇరుగుపొరుగు చేస్తున్నారు కాబట్టి అన్న కారణానికి అన్నిటికన్నా తక్కువ విలువ ఇచ్చారు. కానీ లెక్కలు చూస్తే వాళ్ల పొదుపుతో అన్నిటికన్నా గట్టిగా ముడిపడి ఉన్నది ఆ ఇరుగుపొరుగు కారణమే. తరువాత ఇళ్ల తలుపులకు రకరకాల కాగితాలు తగిలించి మీటర్లు చదివితే, ఎక్కువ తగ్గుదల కనిపించింది ‘మీ ఇరుగుపొరుగులో ఎక్కువమంది పొదుపు చేస్తున్నారు’ అన్న కాగితం దగ్గరే. భూమిని కాపాడమని రాసిన కాగితాలూ అందులో ఉన్నాయి, డబ్బు ఆదా గురించి రాసినవీ ఉన్నాయి. మా విభాగంలో పోస్టరు బయటికి పంపే ముందు జనాన్ని పిలిచి ‘ఏ మాట మీకు బాగా తగిలింది?’ అని అడిగేవాళ్లం. వాళ్లు నిజాయితీగానే జవాబు చెప్పేవారు. తమను కదిలించేది ఏమిటో వాళ్లకే తెలియదని మాకు తట్టలేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. 2007లో కాలిఫోర్నియాలోనే వెస్లీ షుల్ట్జ్ బృందం దాదాపు 300 ఇళ్లకు ‘మీ వాడకం ఇంత, మీ చుట్టుపక్కల సగటు ఇంత’ అని చీటీలు పంపింది. సగటుకు మించి వాడేవారు తగ్గించారు. సగటు కన్నా తక్కువ వాడేవారు మాత్రం వాడకం పెంచారు! తక్కువ వాడేవారి చీటీ మీద చేత్తో ఒక నవ్వు ముఖం గీసేసరికి ఆ పెరుగుదల ఆగిపోయింది. రెండు చుక్కలు, ఒక గీత. మంచిపని చేస్తున్నవాళ్లకు ‘మీరు చేస్తున్నది మంచిది’ అని ఎవరో ఒకరు చెప్పాలి. ఇరవై ఏడేళ్లలో నేను అలాంటి పోస్టరు ఒక్కటి కూడా రాయలేదు.

భయపెట్టే బొమ్మల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ మొదటి పేజీలో అవే ఎక్కువ. 63 దేశాల్లో 59 వేల మందికి పైగా పాల్గొన్న ఒక పెద్ద ప్రయోగం ఫలితాలు 2024లో ‘సైన్స్ అడ్వాన్సెస్’ పత్రికలో వచ్చాయి. వార్త చదివించడం, ఉత్తరం రాయించడం వంటి పదకొండు రకాల ప్రోత్సాహాలు పరీక్షించారు. కీడు తలపించే వార్తలు చదివినవారిలో వాతావరణ సమాచారాన్ని ఇతరులతో పంచుకోవడం అన్నిటికన్నా ఎక్కువగా పెరిగింది. కానీ వాళ్లకు ఇంకో పరీక్ష కూడా పెట్టారు: కాస్త విసుగు పుట్టించే పనిని ఓపికగా చేస్తే, చేసినదాన్ని బట్టి నిజంగా మొక్కలు నాటిస్తామన్నారు. ఆ ఓపికను పెంచిన ప్రోత్సాహం పదకొండింటిలో ఒక్కటీ లేదు. కొన్నిటి వల్ల అది తగ్గింది కూడా. భావితరంలోని ఒక బిడ్డకు ఉత్తరం రాయించడం వంటివి వాతావరణ విధానాలకు మద్దతును కొద్దిగా పెంచాయి. వార్తను పదిమందికి పంపడం, పనిచేయడం వేరువేరని దీన్ని బట్టి తెలుస్తోంది.

మాటలతోనే అంతా అయిపోతుందని నేను అనడం లేదు. పొరుగు సగటును చూపే నివేదికలను అమెరికాలో దాదాపు 6 లక్షల ఇళ్ల మీద పరీక్షించినప్పుడు వాడకం తగ్గింది సగటున 2 శాతమే. జర్మనీలో దాదాపు 42 వేల మందితో జరిగిన ప్రయోగంలో ఇంతకన్నా పెద్ద తేడా ఒక చిన్న గడి వల్ల వచ్చింది. కాలుష్యం లేని విద్యుత్తు కావాలంటే గడిలో టిక్కు పెట్టమన్నప్పుడు 7.2 శాతం ఎంచుకున్నారు. టిక్కు ముందే పెట్టి ఉంచి, వద్దనుకుంటే తీసేయమన్నప్పుడు 69.1 శాతం అలాగే ఉంచారు. ఆ గడిలో టిక్కు ఉండాలా వద్దా అన్నది కంపెనీలూ ప్రభుత్వాలూ నిర్ణయిస్తాయి, ఇంట్లో కూర్చున్న మనిషి నిర్ణయించడు. ఇలాంటి చిన్న ఉపాయాలకు ఆకర్షణ ఎక్కువ కాబట్టి ప్రమాదమూ ఉంది. సులువైన ఉపాయం ఒకటి ఉందని చెబితే కార్బన్ పన్నుకు, అంటే భూతాపం పెంచే వాయువులు వదిలినందుకు వేసే పన్నుకు, మద్దతు తగ్గుతుందని డేవిడ్ హాగ్‌మన్ బృందం 2019లో చూపింది. ఉపాయాలు చూపి చట్టాలను వాయిదా వేసేవారికి నా ఉత్తరం ఊతం కాకూడదు.

చట్టాల దగ్గర కూడా ఈ శాస్త్రానికి పని ఉంది. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో నగరం నడిబొడ్డుకు వచ్చే కార్ల మీద రుసుము పెడతామంటే జనం గట్టిగా వ్యతిరేకించారు. 2006 జనవరి నుంచి జూలై వరకు ప్రయోగంగా అమలు చేశారు. ఆ సరిహద్దు దాటే వాహనాలు సుమారు 20 శాతం తగ్గాయి. సెప్టెంబరులో ఓటు పెడితే నగరవాసుల్లో ఎక్కువమంది అవునన్నారు. 2007 ఆగస్టులో రుసుము శాశ్వతమైంది. ఆ కొద్ది నెలల్లో పాత జనం పోయి కొత్త జనం రాలేదు. రద్దీ తగ్గిన వీధిని కళ్లారా చూశారు, అంతే. ‘ప్రజలు ఒప్పుకోరు’ అని నాయకులు అన్నప్పుడు, ఒప్పుకోరని మీకెలా తెలుసు, ఎంతమందిని అడిగారు అని మీ విలేఖరులు ఎదురు అడగాలి. మా మాస్టారు వేసిన నాలుగు లాంటిదే ఆ నాయకుల అంచనా కూడా కావచ్చు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. వాతావరణం మీద వార్త రాసినప్పుడు, ఆ పని ఇప్పటికే చేస్తున్నవారు ఎందరో కనుక్కుని ఆ అంకె కూడా వేయండి. తక్కువమందే అయితే ఎక్కువమంది అని రాయకండి. అబద్ధం బయటపడిన రోజున మిగిలిన నిజాలూ పోతాయి. తక్కువమందే అయినా ఏటేటా పెరుగుతుంటే, పెరుగుతున్నారని రాయండి. అది కూడా కదిలిస్తుంది. ‘ప్రజలు ఏమంటున్నారు’ అని నలుగురిని అడిగి ఫొటోలు వేస్తారు కదా, వారిని నా రెండో ప్రశ్న కూడా అడగండి: మిగతావాళ్లలో ఎంతమంది మీలాగే అనుకుంటారు?

మా భవనం సంగతి సగంలో ఆపాను. నేను లిఫ్టులో ఒక్క వాక్యం అంటించాను: ‘మేడపైన సోలార్‌కు మన ఇరవై నాలుగు ఇళ్లలో పద్దెనిమిది ఇళ్లు సరే అన్నాయి.’ ‘భూమాత’ అనలేదు, ‘మేలుకోండి’ అనలేదు. తరువాతి సమావేశంలో వాదన చాలాసేపు నడిచింది, గొంతులూ లేచాయి. అయితే పెట్టాలా వద్దా అని ఎవరూ అడగలేదు. నీళ్ల ట్యాంకు నీడ పడని చోటు ఎక్కడ, ప్యానెళ్లు తుడిచే పని ఎవరిది, ఇల్లు ఖాళీ చేసి వెళ్లేవాళ్ల వాటా ఏమవుతుంది అన్న దాని మీదే వాదించుకున్నారు. మొదట చెయ్యెత్తింది నాలుగో అంతస్తు పెద్దావిడ. నీడ ఏ గంటకు ఎటు పడుతుందో కూడా ఆవిడ డైరీలో ఉంది.

వచ్చే నెల పని మొదలవుతోంది. మీరు విలేఖరిని పంపితే నోటు పుస్తకం చూపిస్తాను, పేర్ల మీద కాగితం అంటించి. వద్దన్న ఆరు ఇళ్లు ఏ కారణాలు చెప్పాయో కూడా అందులో రాసి పెట్టాను. వాటిలో రెండు కారణాలకు నా దగ్గర ఇంకా జవాబు లేదు.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ప్రచార రచయిత్రి