పులుల ప్రణాళికలో పాత దారికి కొన్ని పేజీలు ఇవ్వండి: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

విషయం: ఆత్మకూరు – శ్రీశైలం పాత నడకదారి వెంట ఉన్న కట్టడాలు, శాసనాల నమోదుకు అనుమతి.

అయ్యా,

మేము ఆత్మకూరులో స్థానిక చరిత్ర మీద పనిచేసే కొద్దిమందిమి. ఉద్యోగ విరమణ చేసిన పంతుళ్ళు, ఒక రైతు, ఫొటో స్టూడియో నడుపుకునే ఒకాయన, డిగ్రీ చదివే పిల్లలు ఇద్దరు. ఇదీ మా బలగం. ప్రభుత్వం నుంచి పైసా అడగడం లేదు. అడవిలోకి వెళ్ళి రాసుకోవడానికి ఒక కాగితం కావాలి. దానికోసం పెట్టుకున్న దరఖాస్తు ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి తిరుగుతూనే ఉంది. భూమి ఒక శాఖది, గుడి ఇంకో శాఖది, శాసనం మూడో శాఖది అంటున్నారు. అందుకే నలుగురికీ తెలిసేలా మీకే రాస్తున్నాం.

వెంకటాపురం దాటి నల్లమల అడవిలో అడుగుపెడితే నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా మల్లన్న దగ్గరికి చేరే దారి ఇది. శివరాత్రికి మన పల్లెల వాళ్ళు నడుస్తారు. ఉగాదికి కర్ణాటక నుంచి భక్తులు వస్తారు. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచని సారె మోసుకొస్తారు. వారిలో కొందరు కొయ్యకాళ్ళ మీద కూడా నడుస్తారు, అదీ ఈ రాళ్ళ మీద! ఘాట్ రోడ్డు పడి, బస్సులు వచ్చాక కూడా ఈ నడక ఆగలేదు. శ్రీశైలానికి యాత్రికులు బారులు తీరి వెళ్ళే దృశ్యాన్ని కాకతీయుల నాటి పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో పర్వత ప్రకరణమంతా వర్ణించాడు. శ్రీశైలానికి మెట్లు కట్టించిన కీర్తి కొండవీటి ప్రోలయ వేమారెడ్డిది. 1794లో కాలిన్ మెకంజీ ఈ క్షేత్రాన్ని చూసి వెళ్ళి వివరంగా రాశాడు. తర్వాత ఆయనే భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఇంతమంది నడిచిన, రాసిన చోట కొండమీది గుడి గురించి పుస్తకాలు దొరుకుతున్నాయి గానీ, కింది నుంచి పైదాకా మెట్టు మెట్టూ చూసి రాసిన నమోదు మాత్రం మాకు ఎక్కడా కనిపించలేదు.

ఆ దారిలో రాళ్ళ సంగతి ఎలా ఉందో ఒక్కటి చెబుతాను. ఓ మండపం స్తంభం మీద నాలుగు వరుసల రాత ఉంది. ఎవరో భక్తితోనే దానికి సున్నం కొట్టారు. ఆ మీద మరొకరు పసుపు రాసి బొట్లు పెట్టారు. మొదటి వరుస పూర్తిగా పూడిపోయింది. రెండో వరుసలో వేలితో తడిమితే తలకట్లు తగులుతాయి, అక్షరం తెలియదు. పక్క స్తంభానికి పునాది దగ్గర నడుంలోతు గొయ్యి ఉంది. అది గుప్తనిధుల కోసం తవ్విన వాళ్ళ పని. నల్లమలలో నందులు పగలడానికి, లింగాలు పెకలిపోవడానికి చాలావరకు ఈ నిధుల పిచ్చే కారణం. సున్నం కొట్టినవాడికి ఉన్నంత భక్తి కూడా వాళ్ళకు లేదు, కానీ శాసనానికి ఇద్దరి వల్లా జరిగిన నష్టం ఒక్కటే.

ఇక చట్టం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి వెళ్ళడానికి అనుమతి ఇవ్వదగిన పనులు ఐదు: వన్యప్రాణుల అధ్యయనం, ఫొటోలు లేదా సినిమాలు తీయడం, శాస్త్రీయ పరిశోధన, పర్యాటకం, లోపల నివసించేవారితో చట్టబద్ధమైన లావాదేవీలు. చరిత్ర అన్న మాట ఎక్కడా లేదు. మీ అధికారులు తలచుకుంటే శాసనాల సేకరణను శాస్త్రీయ పరిశోధన కింద చూడవచ్చు. తలచుకోకపోతే మేము ఏ గడిలోనూ ఇమడం. పండుగ రోజుల్లో వేలమంది నడిచే దారిలో, మిగతా రోజుల్లో పుస్తకం, టేపు పట్టుకున్న ఐదుగురికి చోటు లేకపోవడం మాకు మింగుడుపడడం లేదు.

1983 నుంచి ఇది పులుల అడవి, దేశంలోకెల్లా పెద్దదని చెప్పుకునేది. పులికి ఇబ్బంది కలిగే పని మేము అడగం. దారి వెడల్పు చేయమని, మెట్లకు సిమెంటు పూయమని, కోనేటి చుట్టూ టైల్స్ వేసి టికెట్ పెట్టమని ఎవరైనా మీ దగ్గరికి వస్తే దయచేసి వెనక్కి పంపండి. ‘అభివృద్ధి’ పేరుతో రంగులు పూసిన గుళ్ళను చూశాక మాకు దొంగలకన్నా కాంట్రాక్టర్లంటేనే ఎక్కువ భయం.

మేము అడిగేది మీ శాఖ చేతిలో ఉన్నదే. చట్టంలోని 38-వి సెక్షన్ కింద పులుల సంరక్షణ ప్రణాళిక మీరే తయారు చేస్తారు. అందులో ఈ దారికి, దాని వెంట ఉన్న గుళ్ళకు, మండపాలకు, కోనేళ్ళకు కొన్ని పేజీలు ఇవ్వండి. నల్లమలలోనే ఒక అభయారణ్యానికి గుండ్ల బ్రహ్మేశ్వరం గుడి పేరు పెట్టుకున్నాం కదా, అడవినీ గుడినీ విడదీసి చూడడం మీ శాఖకూ అలవాటు లేదు.

రెండో మాట చెంచుల గురించి. మల్లన్న వాళ్ళకు అల్లుడు. యాత్రికులకు దారి చూపింది, కాపలా కాసింది వాళ్ళు. ఏ వాగు ఒడ్డున ఏ రాయి ఉందో పెచ్చెరువు పెద్దలకు తెలిసినంత మా పంతుళ్ళకు తెలియదు. 2006 అటవీ హక్కుల చట్టం సంప్రదాయ జ్ఞానంపై వాళ్ళకు సమష్టి హక్కు ఇచ్చింది, సాంస్కృతిక వారసత్వాన్ని కాపాడే బాధ్యతను గ్రామసభకు అప్పగించింది. కాబట్టి నమోదు బృందంలో చెంచులు మోతగాళ్ళుగా, దారి చూపేవారుగా కాకుండా కూలి అందుకునే పరిశోధకులుగా ఉండాలి. వాళ్ళు చెప్పింది వాళ్ళ పేర్లతోనే అచ్చు కావాలి. తయారైన ప్రతులు ముందు గూడెం బడికి, తర్వాతే మా గ్రంథాలయానికి చేరాలి.

శ్రీశైలం జలాశయం కింద మునగబోయే గుళ్ళను విప్పి, రాళ్ళకు అంకెలు వేసి మరోచోట నిలబెట్టిన రాష్ట్రం మనది. కూడవెల్లి సంగమేశ్వరుడు అలా అలంపురానికి చేరాడు. అప్పుడు నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలుసు గనుక అధికారులు పరుగులు పెట్టారు. ఈ దారికి అలాంటి గడువేమీ లేదు, అందుకే ఫైలు కదలడం లేదు.

శివరాత్రి నడకకు మీ శాఖ ఏటా ఉత్తర్వు ఇస్తుంది. ఈసారి అందులో ఒక పేరా చేర్చండి: యాత్ర ముగిశాక, వేసవి మంటల కాలం ముదరకముందు, వనరక్షకుల వెంట, చెంచులతో కలిసి, చిన్న బృందం పది రోజులు పని చేయవచ్చని. రాత్రి బస అక్కర్లేదు, పొద్దుగూకేలోపు బయటికి వచ్చేస్తాం. వరుసగా మూడేళ్ళు అలా వెళ్ళనిస్తే నాగలూటి నుంచి కైలాసద్వారం దాకా పూర్తి చేసి మీ చేతిలో పెడతాం.

ఇట్లు,
ఆత్మకూరు స్థానిక చరిత్ర మిత్రుల తరఫున ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు