2.1 నీ మీద బాకీ కాదు

చిరంజీవి రఘుకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. నీ నుంచి కబురు లేక చాలా రోజులైంది. మొన్న వసంత పిన్ని ఫోనులో ఆ మాటా ఈ మాటా చెబుతూ, లోకంలో జనం ఇప్పటికే ఎక్కువైపోయారని నువ్వూ మాధవీ పిల్లలు వద్దనుకున్నట్టు చెప్పింది. అది నిజమో కాదో అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఏళ్ల తరబడి గణాంక శాస్త్రం పాఠం చెప్పినదాన్ని కనుక, ఆ కారణం గురించి నీతో నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

2022 నవంబరులో ప్రపంచ జనాభా 800 కోట్లు దాటిన మాట నిజమే. అయితే 1950 ప్రాంతంలో ఒక్కో స్త్రీకి సగటున అయిదుగురు పిల్లలు పుడుతుండగా, 2024 నాటి ఐక్యరాజ్యసమితి అంచనాల ప్రకారం ఆ సగటు 2.25కు దిగింది. జనాభా పెరగకుండా, తరగకుండా నిలవడానికి కావలసిన సగటు 2.1; సగానికి పైగా దేశాలు ఇప్పటికే దాని కన్నా కింద ఉన్నాయి. అయినా జనాభా పెరుగుతోందంటే, స్విచ్చి ఆపేసిన పంఖా రెక్కలు కాసేపు తిరుగుతూనే ఉన్నట్టు, వెనకటి తరాల్లో ఎక్కువగా పుట్టిన పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులయ్యే వయసులో ఉండటమే ముఖ్య కారణం. 2080ల నడుమ 1030 కోట్ల దగ్గర ఆగి, ఆ తర్వాత మెల్లగా తగ్గుతుందని ఆ అంచనా. కాబట్టి పిన్ని చెప్పిన కారణం నీదే అయితే, అది నా యవ్వనకాలానికి సరిపోయేది కాని, నీ కాలానికి కాదు.

ఆ 2.1 ఎక్కడి నుంచి వచ్చిందో నీకు చిన్నప్పుడు చెప్పాను, మళ్లీ చెబుతాను. వందమంది స్త్రీల స్థానంలో వందమంది కూతుళ్లు రావాలి. నూరుగురు ఆడపిల్లలు పుట్టేచోట సుమారు 105 మంది మగపిల్లలు పుడతారు కనుక, మొత్తం 205 కాన్పులు కావాలి. తల్లులయ్యే వయసు దాటకముందే చనిపోయే కొద్దిమందిని కూడా లెక్కలోకి తీసుకుంటే 210, అంటే ఒక్కొక్కరికి 2.1. బాల్యంలోనే ఎక్కువమంది చనిపోయే చోట ఈ అంకె మూడు కూడా దాటుతుంది. మా అమ్మమ్మ పాత లెక్కల పుస్తకం చివరి పేజీలో పిల్లల పుట్టిన తేదీలు రాసి ఉండేవి. ఏడు పేర్లు, నాలుగింటి మీద అడ్డగీత. సూర్యం అన్న పేరు రెండుసార్లు ఉంటుంది: మొదటి సూర్యం ఎనిమిదో నెలలో పోతే, తర్వాత పుట్టినవాడికి అదే పేరు పెట్టారు. నువ్వెరిగిన సూర్యం తాతయ్య ఆ రెండోవాడు. మొదటి సూర్యం పేరు మీద గీత పెన్సిలుతో ఉండేది, మిగతావన్నీ సిరాతో. ఎందుకని అడిగితే అమ్మమ్మ జవాబు చెప్పకుండా పుస్తకం తీసి లోపల పెట్టేసేది. ఏడుగురిని కన్న ఆవిడ స్థానంలో మిగిలిన ఆడపిల్ల మా అమ్మ ఒక్కతే. జనాభా శాస్త్రం దృష్టిలో ఆవిడ తన ఒక్క స్థానాన్ని మాత్రమే భర్తీ చేసింది, అందుకు ఒళ్లంతా ధారపోసింది. టీకాలు, శుభ్రమైన నీరు, ఆడపిల్లల చదువు వచ్చాక కాన్పులు తగ్గాయంటే నాకు సంతోషమే కాని విచారం ఎంతమాత్రం లేదు.

పిల్లల్ని తర్వాత కందాంలే అని వాయిదా వేయడం సంగతి వేరు. జపానులో 1966వ సంవత్సరం అరవై ఏళ్లకొకసారి వచ్చే అగ్ని అశ్వ సంవత్సరం. ఆ ఏడు పుట్టిన ఆడపిల్ల భర్త ఆయుష్షు తగ్గిస్తుందన్న నమ్మకం వల్ల, ఒక్కో స్త్రీకి 2.14 ఉన్న కాన్పుల రేటు 1.58కి పడిపోయి, మరుసటి ఏడాది 2.23కు లేచింది. అది కొద్ది నెలల వాయిదా కనుక తీరిపోయింది. పదేళ్ల వాయిదా అలా తీరదు, శరీరం ఒప్పుకోదు. మాధవికి వచ్చే ఏడాది ముప్పై అయిదు నిండుతాయి కదా. నేను తొందరపెట్టడం లేదు, లెక్క చెబుతున్నాను.

దక్షిణ కొరియాలో 2023లో ఆ రేటు 0.72. అదే పోకడ సాగితే 200 మంది తల్లిదండ్రుల తరానికి 72 మంది పిల్లలు, వారిలో ఆడపిల్లలు 35 మంది, మనవలు పాతిక మంది. పొద్దుపోయేదాకా ఉద్యోగం, అందని ఇళ్ల ధరలు, చదువుల ఖర్చు, వీటికి తోడు ఇంటిపని అంతా ఆడవాళ్ల మీదే పడటం కారణాలుగా చెబుతారు. బలవంతంతో ఇది మారదు. 1966లోనే రొమేనియా ప్రభుత్వం గర్భస్రావాలను దాదాపుగా నిషేధిస్తే, 1.9 ఉన్న రేటు ఏడాదిలో 3.7కు ఎగబాకి, కొన్నేళ్లలో మళ్లీ దిగింది; 1989లో ఆ చట్టం పోయేలోగా చాటుమాటు గర్భస్రావాలతో వేలమంది స్త్రీలు చనిపోయారు. అందుకని పిల్లలున్నా లేకున్నా, మాధవి ఇంటికి వచ్చేసరికి వంటగదిలో నువ్వుండాలి. ఆఫీసు పని ఉందన్న మాట ఇద్దరికీ వర్తిస్తుంది.

2.1 అన్నది కోట్లమంది సగటు. నలుగురిని కన్నవారూ, అసలు కననివారూ కలిస్తేనే ఆ అంకె వస్తుంది కనుక, అది ఎవరి ఒక్కరి మీదా బాకీ కాదు. తరిగిపోతున్న జనాన్ని నింపడానికి నువ్వు పిల్లల్ని కనాలని నేను కోరను. మీకు వద్దనిపిస్తే ఆ అనిపించడమే చాలు, దానికి లోకం బరువును కారణంగా తేవద్దు. డాక్టరు ఏమైనా చెప్పి ఉంటే మాత్రం నా దగ్గర దాచవద్దు. ఏదైనా సరే, పిన్ని నోట కాక నీ నోట వినాలి.

మాధవికి రక్తం తక్కువగా ఉందన్నావు, మళ్లీ పరీక్ష చేయించారా? నడుము నొప్పికి రాసిచ్చిన మాత్రలు నువ్వు మధ్యలో ఆపేసి ఉంటావని నాన్నగారు అంటున్నారు. ఆదివారం ఆయన పడుకోకముందే ఫోను చెయ్యి, మాధవిని కూడా మాట్లాడమను.

ఇట్లు,
మీ అమ్మ