పాత పాటల డ్రైవు కొనేముందు

లెస్టర్

చిరంజీవి చిన్నాకి, అక్క ఆశీస్సులు.

నాన్న పుట్టినరోజుకి పాత పాటలన్నీ పెన్ డ్రైవులో వేసి ఇద్దామనుకుంటున్నావని అమ్మ చెప్పింది. బీసెంట్ రోడ్డులో రెండువేల పాటలు నింపినది చవగ్గా దొరుకుతోంది, అదే కొనేస్తే పోలా అన్నావట కూడా. కొనకు. ఎందుకో ఫోన్లో చెప్తే సగం విని పెట్టేస్తావు, అందుకని రాస్తున్నాను.

పాత పాటల సంకలనం ఎప్పుడూ చవకే. పాట ఖర్చు ఎప్పుడో తీరిపోయి ఉంటుంది. వాద్యబృందానికీ, స్టూడియోకీ, గాయకులకీ డబ్బు ఆనాటి సినిమాయే కట్టేసింది. కంపెనీకి మిగిలే ఖర్చల్లా టేపు, డబ్బా, అట్ట, రాయల్టీ. ప్రచారమూ అక్కర్లేదు, అది రేడియో రోజూ చేసిపెట్టేది. కొనేవాళ్ళకీ గిట్టుబాటే. ఒక సినిమా క్యాసెట్టు కొంటే నచ్చేవి రెండో మూడో, సంకలనంలో అయితే అన్నీ నోటికి వచ్చినవే. పైగా పాత 78 గ్రామఫోన్ రికార్డు ఒక వైపు మూడు నిమిషాల చిల్లరకి మించి పట్టదు గనక ఆనాటి పాటలు చాలావరకు ఆ కొలతకే కుదిరాయి. సి-60, అంటే గంట నడిచే క్యాసెట్టులో వైపుకి తొమ్మిది దాకా పడతాయి. 2017లో సరిగమ రికార్డుల కంపెనీ వాళ్ళు ఐదువేల పాటలు నింపి రేడియోలాంటి కారవాన్ ప్లేయర్ తెస్తే జనం ఎగబడి కొన్నదీ ఇందుకే. మీట తిప్పితే చాలు, ఏరే పని లేదు.

మోసం జరిగేది గొంతు దగ్గర. ఇక్కడ ఇంగ్లండులో పాత సామాన్లమ్మే ఛారిటీ షాపుల్లో 1968లో మొదలైన ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ రికార్డులు ఇప్పటికీ కనిపిస్తుంటాయి. అట్ట మీద హిట్ పాటల పేర్లు, లోపల పేరు కూడా వెయ్యని స్టూడియో గాయకులు. 1971లో అవి అమ్మకాలని బట్టి వరస కట్టే ఆల్బమ్ చార్టులో మొదటి స్థానానికే ఎక్కి కూర్చున్నాయి. అంత తక్కువ ధర సరుకుతో లెక్క తారుమారవుతోందని 1972లో చవక రకాలని చార్టులోంచి తీసేశారు. పేరు రాకముందు ఇక్కడి పెద్ద గాయకుడు ఎల్టన్ జాన్ కూడా అలాంటి చవక రికార్డులకి పాడినవాడే.

మన దగ్గర ఇది చట్టంలోనే ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అసలు రికార్డు వచ్చి రెండేళ్ళు దాటితే, నోటీసిచ్చి రాయల్టీ కట్టి వేరే గొంతుతో పాడించుకోవచ్చు. టీ-సిరీస్ గుల్షన్ కుమార్ హిందీలో ఈ సందులోంచే దూరి మార్కెట్టంతా నింపాడు. 2012 సవరణతో గడువు ఐదేళ్ళయింది. ఇప్పుడు అట్ట మీద పాత గాయకుడి పేరూ బొమ్మా వెయ్యకూడదు, కవర్ వెర్షన్ అని రాయాలి. పేవ్‌మెంటు డ్రైవుకి అసలు అట్టే లేదు, ఇక ఏం చూస్తావు?

గుర్తు పట్టడానికి గొంతుని నమ్ముకోకు. ఘంటసాల గొంతుని అనుకరించేవాళ్ళు ఊరికి పదిమంది. పల్లవి అయ్యాక వచ్చే మ్యూజిక్ బిట్ విను. వయొలిన్ల గుంపు ఉండాల్సిన చోట కీబోర్డు మోగినా, తబలా ఎక్కడా తడబడకుండా యంత్రంలా నడిచినా అది వెర్షనే. ఘంటసాల పోయింది 1974 ఫిబ్రవరి 11న. ఆయన సినిమా పాటలు దాదాపు అన్నీ మోనో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకటే శబ్దం. కుడి స్పీకర్లో ఒకటీ ఎడమ స్పీకర్లో ఒకటీ విడివిడిగా వినపడితే అనుమానించు. అసలు గొంతుకే పైనుంచి డ్రమ్స్ అతికించే జంకార్ బీట్స్ రకం ఇంకొకటి, నాన్నకి అదంటే ఒళ్ళు మంట.

ఇక సైజు సంగతి. 4 జీబీలో రెండువేలు కుక్కారంటే పాటకి 2 ఎంబీ. మూడున్నర నిమిషాల పాటకి అది 76 కేబీపీఎస్, అంటే సెకనుకి 76 కిలోబిట్లే. తాళాలూ వయొలిన్లూ నీళ్ళలోంచి వచ్చినట్టు వినిపిస్తాయి. కనీసం 192 ఉండాలి, అంటే పాటకి 5 ఎంబీ.

అందుకని అటక మీది క్యాసెట్లే దించు. ముందు సి-60లు తీసుకో. సి-90 టేపు ఇంకా పల్చన, రోలర్‌కి చుట్టుకుపోయే ప్రమాదం ఎక్కువ. క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట మీద తెల్లగా పొడి కనిపిస్తే అది బూజు, ఆ క్యాసెట్టు ప్లేయర్లో పెట్టకు, టేపుని చదివే హెడ్డుకి అంటుకుని మిగతావాటికీ పాకుతుంది. క్యాసెట్టు కింది అంచు మధ్యలో రాగి రేకు మీద చిన్న ఫెల్ట్ ముక్క ఉంటుంది, మన ఎండలకి దాని జిగురు ఎండి రాలిపోతుంది. అది లేకపోతే శబ్దం మొద్దుబారి, వస్తూ పోతూ ఉంటుంది. ఐదు స్క్రూల ఖాళీ డబ్బా ఒకటి విప్పి టేపుని అందులోకి మార్చెయ్యి.

ప్లేయర్ హెడ్డునీ రబ్బరు రోలర్‌నీ మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, ఇయర్ బడ్‌తో తుడిచి ఆరనివ్వు. క్యాసెట్టుని ఒకసారి ఆ చివరికీ ఈ చివరికీ తిప్పాకే రికార్డింగ్. హెడ్డు పక్కన స్ప్రింగుతో ఉన్న స్క్రూని పావు చుట్టు కన్నా తక్కువగా అటూ ఇటూ తిప్పు, ‘స’కారాలు ఎక్కడ బాగా పదునుగా పలికితే అక్కడ ఆపు. ప్రతి క్యాసెట్టుకీ ఇది మళ్ళీ చూసుకోవాల్సిందే. బద్ధకించావంటే ఆ మొద్దుతనం తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తియ్యలేదు. హోరు తగ్గించే డాల్బీ పద్ధతి గుర్తు డబ్బా మీద లేకపోతే ప్లేయర్లో ఆ మీట ఆఫ్‌లో ఉండాలి.

లాప్‌టాప్ మైకు రంధ్రంలో తీగ పెట్టకు, శబ్దం పగిలిపోతుంది. లైన్ ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొను. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేరులో శాంపిల్ రేటు 44,100 దగ్గర పెట్టి, శబ్దం మీటరు మైనస్ 6 డీబీ దాటకుండా చూసుకుని, ఒక వైపు మొత్తం కుదించని డబ్ల్యూఏవీ ఫైలుగా ఎక్కించు. అరగంటకి 300 ఎంబీ అవుతుంది. తర్వాత మోనో చేసి పాటలు కోసుకో, హోరు కొంత దానంతటదే తగ్గుతుంది. నాయిస్ రిడక్షన్ 6 డీబీ దాటించకు, గొంతులో ఊపిరి పోతుంది.

డ్రైవుని ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చెయ్యి, 32 జీబీ మించినది వద్దు. కారు స్టీరియోలు చాలావాటికి పేర్ల వరస పట్టదు, కాపీ చేసిన వరసే పట్టుకుంటాయి. అందుకని 001, 002 అని నంబర్లు వేసి, అదే వరసలో కాపీ చెయ్యి. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టు, తెలుగులో పెడితే డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తాయి. ఫోల్డర్‌కి పదహారు పాటలు చాలు. మొదటిది అందరికీ తెలిసినది ఉండాలి, విషాదగీతాలు రెండు పక్కపక్కన పడకూడదు. పాత కంపెనీలు రెండో వైపు కూడా గట్టి పాటతోనే మొదలుపెట్టేవి, ఊరికే కాదు.

చుట్టాలందరికీ తలా ఒక కాపీ పంచుతావేమో, ఆ పని మాత్రం వద్దు. రికార్డు హక్కు 60 ఏళ్ళకి తీరినా, బాణీ హక్కు స్వరకర్త పోయాక 60 ఏళ్ళుంటుంది. ఘంటసాల బాణీలకి అది 2034 చివరిదాకా. నాన్న క్యాసెట్టు నాన్న వినడానికే.

క్యాసెట్ల అట్టలు రెండు వైపులా ఫొటో తీసి పంపు, సన్నక్షరాలు చదివి ఏవి వెర్షన్లో చెప్తాను. ఈలోపు వాటిని కారులో మాత్రం వదలకు, ఒక్క మధ్యాహ్నం ఎండకే డబ్బా వంకరపోతుంది.

ఇట్లు,
మీ అక్క