చాకులకు పట్టిన తుప్పు గురించి, మా కొట్టు నుంచి

అందరికీ నమస్కారం.

కార్తీకం వెళ్ళిపోయింది, చెన్నైలో వానలు కాస్త తెరిపిచ్చాయి. ఈ రెండు నెలల్లో మా కొట్టుకి కొత్త మడత చాకు కొనడానికి వచ్చినవాళ్ళ కన్నా, నా దగ్గర కొన్న చాకుకి తుప్పు పట్టిందని తెచ్చినవాళ్ళే ఎక్కువ. వచ్చినవాళ్ళకి విడివిడిగా చెప్పాను. రానివాళ్ళకి కూడా తెలియాలి కాబట్టి ఇది రాస్తున్నాను. తప్పు చాకుది కాదు, మీదీ కాదు. నాది.

పోయిన వేసవి నుంచి కార్బన్ స్టీలు (స్టెయిన్‌లెస్ కాని, తుప్పు పట్టే ఉక్కు) చాకు కొన్న ప్రతి ఒక్కరికీ దానితోపాటు తోలు సంచీ ఒకటి అమ్మాను. "ఎప్పుడూ ఇందులోనే ఉంచండి, గీతలు పడవు" అని నా నోటితోనే చెప్పాను. గీతలు పడలేదు, నిజమే. కానీ తోలు చెమ్మని పీల్చి వదలదు. శుద్ధి చేసేటప్పుడు వాడిన ఉప్పు కూడా అందులో ఎంతో కొంత మిగిలి ఉంటుంది. సముద్రం పక్కన ఉన్న ఊరు మనది, మామూలు రోజుల్లోనే గాలిలో ఉప్పూ తేమా ఉంటాయి. ఇక ఆ వానల్లో, తడి తోలు ఇనుముని అంటిపెట్టుకుని రోజుల తరబడి ఉంటే తుప్పు పట్టక ఏం చేస్తుంది? వేసవిలో అమ్మిన నాకు వానాకాలం గుర్తు రాకపోవడమే నా పొరపాటు.

ఒకావిడ పెళ్ళిరోజుకి వాళ్ళాయనకి కొనిచ్చిన ఓపినెల్ 8వ నంబరు, అంటే కర్ర పిడి ఉన్న ఫ్రెంచి మడత చాకు, పట్టుకొచ్చారు. సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టారు. చేతికివ్వలేదు. మన ఇళ్ళలో కత్తి చేతికివ్వరు కదా, కింద పెడితే అవతలివాళ్ళు తీసుకోవాలి. కొట్లో నేనూ అంతే. చాకు విప్పి చూశాను. సంచీ కుట్టు తగిలిన చోట బ్లేడు పొడుగునా ఎర్రటి చుక్కల వరుస, అచ్చం దారం కుట్టినట్టే. గోరుతో రాస్తే గరుకుగా తగిలింది. ఆవిడ కోప్పడలేదు. "మీరు చెప్పినట్టే ఉంచామండీ" అన్నారు. ఆ మాటకి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కాబట్టి, నా దగ్గర కొన్న కార్బన్ స్టీలు చాకు దేనికి తుప్పు పట్టినా తీసుకురండి. శుభ్రం చేసి, సానపట్టి ఇస్తాను. డబ్బు తీసుకోను. సంచీకి మీరిచ్చిన డబ్బు వెనక్కి ఇచ్చేస్తాను. బిల్లు అక్కర్లేదు, నేను అమ్మిన చాకుని నేను గుర్తుపడతాను. తుప్పు లోతుగా దిగి గుంట పడితే మాత్రం అది పూర్తిగా పోదు, పోయేదాకా రుద్దితే బ్లేడు పల్చబడిపోతుంది. అలాంటిది నేనే ఉంచుకుని మీకు వేరే చాకు ఇస్తాను.

అయితే ఒక్క విషయం. కొందరు తెచ్చినవాటికి ఉన్నది అసలు తుప్పే కాదు. ఆవకాయ రోజుల్లో అమ్మ కత్తిపీట ఎలా ఉండేదో గుర్తు చేసుకోండి. మామిడికాయ పులుపుకి బ్లేడు నీలంగా, తర్వాత నల్లగా మారేది. ఆ నలుపు ఇనుముకి మంచిదే, ఎర్ర తుప్పు అంత తొందరగా పట్టనివ్వదు. స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది కాబట్టి అది మెరుస్తూనే ఉంటుంది. ఓపినెల్ కార్బన్ బ్లేడులో 0.9 శాతం దాకా కార్బనే తప్ప ఆ రక్షణ లేదు. అందుకే కొత్త చాకు కొన్న వారంలోనే పచ్చి మామిడికాయో నిమ్మకాయో కోయండి, కడిగి వెంటనే పొడిగుడ్డతో తుడవండి. వేలితో రాస్తే నున్నగా ఉన్న నలుపుని వదిలేయండి. వేలికి ఎర్రగా అంటితేనే నా దగ్గరికి తీసుకురండి.

నూనె విషయంలోనూ నా మాట మార్చుకుంటున్నాను. నువ్వుల నూనె రాయమని చెప్పేవాణ్ణి, ఇంట్లో ఉండేదే కదా అని. అది కొన్నాళ్ళకి మడత దగ్గర జిగురు కట్టి, దుమ్ము పట్టి, చాకు తెరుచుకోవడమే కష్టమవుతోంది. మడతలో ఒక్క చుక్క కుట్టుమిషను నూనె చాలు. బ్లేడుతో పళ్ళు కోస్తాం కాబట్టి దానికి మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ రాయండి. రాసి తుడిచేయండి, కారుతూ ఉండకూడదు.

వానల్లో ఓపినెల్ తెరుచుకోవడం లేదని టెన్షన్ పడి ఫోన్ చేసినవాళ్ళూ ఉన్నారు. పిడి బీచ్ కర్ర. తేమకి ఉబ్బి బ్లేడుని బిగపడుతుంది. పటకారు పెట్టి లాగకండి, ఒకరి బ్లేడు అలాగే అంచు విరిగింది. జోసెఫ్ ఓపినెల్ 1890లో ఈ చాకు మొదలుపెట్టిన ఫ్రాన్సులోని సవోయ్ కొండల్లో దీనికో పాత చిట్కా ఉంది. ముందు పిడి మెడ దగ్గరున్న లోహపు ఉంగరం తిప్పి తాళం తీయాలి, 1955 నుంచి ఉంది ఆ ఉంగరం. పిడి వెనక కొసని బల్ల మీద టక్కున కొడితే బ్లేడు కొద్దిగా పైకి లేస్తుంది, అప్పుడు గోటితో తీసుకోవచ్చు. ఎండలు వచ్చాక అదే సర్దుకుంటుంది.

ఆయుధపూజ నాడు జరిగింది కూడా చెప్పాలి. కొట్లో ఉన్న చాకులన్నీ వరుసగా పరిచి గంధం, కుంకుమ బొట్లు పెట్టాం. దశమి దాకా ముట్టుకోకూడదు కదా, అలాగే వదిలేశాం. మర్నాడు తుడిస్తే మూడు కార్బన్ చాకుల మీద బొట్టు ఉన్నంత మేర గుండ్రంగా మచ్చ దిగిపోయింది. వాటిని నేను రుద్దలేదు, అమ్మలేదు. వచ్చే ఏడు నుంచి బొట్టు పిడికే పెడతాను.

నేను రోజూ జేబులో పెట్టుకునేది మాత్రం కొట్లో సరుకు కాదు, మా నాయన చాకు. ఆడికృత్తికకి తిరుత్తణి వెళ్ళినప్పుడు అక్కడి అంగట్లో కొన్నాడు. చెన్నై పాత కూరగాయల మార్కెట్ కొత్తవాల్ చావడిలో బస్తాలు దింపించే పని ఆయనది. గోనె పురికొస కోయడానికి, పండు కోసి రుచి చూపడానికి, సాయంత్రం నాకు చెరుకు చెక్కివ్వడానికి అదే చాకు. 1996లో మార్కెట్ కోయంబేడుకి మారితే ఆయనతోపాటు అదీ వెళ్ళింది. నీళ్ళు చల్లి నున్నటి రాయి మీద నూరీ నూరీ బ్లేడు వెడల్పు సగానికి వచ్చింది. వెనక స్ప్రింగు మాత్రం ఇప్పటికీ మూసేటప్పుడు టక్కుమంటుంది. పాత చాకు కొనేవాళ్ళు ముందు వినాల్సింది ఆ చప్పుడే.

సేకరించేవాళ్ళు మూర్ మార్కెట్‌లో దొరికిన పాత చాకులు తెచ్చి మెరిపించి ఇమ్మంటున్నారు. ఇంతకుముందు బఫింగ్ మిషను మీద పెట్టి ఇచ్చేవాణ్ణి. ఇకపై చేయను. ఇంగ్లండులోని షెఫీల్డులో చాకులు చేసిన జోసెఫ్ రాడ్జర్స్ వాళ్ళ నక్షత్రం, శిలువ గుర్తు 1682 నాటిది. దాన్ని నకలు కొట్టినవాళ్ళు చాలామంది. అసలో నకలో తేల్చుకోవడానికి ఆ గుర్తు అంచులు చూడాలి, మిషను పెడితే ముందు అరిగేది అవే. పాతదాన్ని నూనెగుడ్డతో తుడిచి వదిలేయడమే నాకు తెలిసిన మంచి పని.

పెద్దది కావాలని అడిగేవాళ్ళకి ఎప్పటి జవాబే. ఆయుధాల నిబంధనలు ఇంటి పనికీ పొలం పనికీ కాని కత్తుల్లో 9 అంగుళాల కన్నా పొడుగు, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉన్నవాటిని ఆయుధాల కింద లెక్కేస్తాయి. నేను ఆ దరిదాపులకే పోను, 4 అంగుళాల లోపువే అమ్ముతాను. మీట నొక్కితే ఎగిరి తెరుచుకునేవి అసలే ఉండవు. చిన్నదైనా మెట్రో ఎక్కే రోజు ఇంట్లో పెట్టి వెళ్ళండి. విమానానికైతే చెక్-ఇన్ సామాన్లో వేయండి. తాతగారి చాకుని గేటు దగ్గర వదిలేసి వచ్చిన ఒకాయన ముఖం నేను చూశాను.

ఈ ఖర్చుల వల్ల సంక్రాంతికి కొత్త సరుకు తక్కువే తెప్పిస్తున్నాను, ఎక్కువ భాగం స్టెయిన్‌లెస్. తోలు సంచీల బదులు నూలుగుడ్డ సంచీలు కుట్టిస్తున్నాను, వాటికి డబ్బు లేదు. శనివారం మధ్యాహ్నాలు సానపట్టడానికే కేటాయించాను. తుప్పు చాకులు ఆ రోజు తెస్తే మీ ఎదురుగానే చేసిస్తాను. ఆ ఓపినెల్ ఆవిడ చాకు తయారైంది. చుక్కల్లో రెండు పోలేదు కాబట్టి కొత్తదీ పక్కన పెట్టాను. ఏది కావాలో వాళ్ళాయన్నే వచ్చి చూసుకోమన్నాను.