ఎవరి అంశం వాళ్లది కాకుండా: ఈ ఏడాది మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

వేర్వేరు భాషలు, సంస్కృతులవాళ్లం కలిసి నడుపుకునే మన సంఘానికి కార్యదర్శిగా, ఈ ఏడాది జరిగిన పనుల లెక్క మీ ముందు పెడుతున్నాను. ఇది తెలుగు ప్రతి. మిగతా భాషల ప్రతులు కూడా వస్తున్నాయి, కానీ అవి దీనికి మక్కీకి మక్కీ అనువాదాలు కావు, ఆయా భాషలవాళ్లే సొంతంగా రాసుకున్నారు. ఒకదానిలో ఉన్న సంగతి ఇంకోదానిలో కాస్త వేరే కోణంలో కనిపిస్తే కంగారు పడకండి, అలాగే ఉండాలని మేమే అనుకున్నాం.

ముందు పోయినేడాది సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఈ ఏడాది చేసినవన్నీ అక్కణ్ణుంచే మొదలయ్యాయి. ఏడాది ముగింపులో మనం చేసిన సాంస్కృతిక సాయంత్రం గుర్తుంది కదా. హాలు నిండింది, ప్రతి బృందం తమ పాటో ఆటో చూపించింది, చప్పట్లు బాగానే మోగాయి. కొన్నాళ్ల తర్వాత ఆ వీడియో తీరిగ్గా కూర్చుని చూశాను. ఒక బృందం వంతు అయిపోగానే వాళ్లవాళ్లు వరుసకు వరుసే లేచి వెళ్లిపోతున్నారు, ఆ కుర్చీల్లోకి తర్వాతి బృందం చుట్టాలు వచ్చి కూర్చుంటున్నారు, వాళ్ల వంతు అయ్యాక వాళ్లూ లేస్తున్నారు. ఆఖరి పాట పాడినవాళ్ల ఎదురుగా వాళ్ల ఇంటివాళ్లే మిగిలారు. ఒకే కప్పు కింద మూడు గంటలు ఉండి, పక్క బృందంతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఇళ్లకు వెళ్లాం. నివేదికలో దాన్నే నేను "సంస్కృతుల మధ్య సంభాషణ" అని రాశాను. అది నిజం కాదు, అందుకు సభ్యులకు క్షమాపణ చెప్పుకుంటున్నాను.

ఈ మాట పరిశోధన బృందంలోని మిత్రులతో అంటే వాళ్లు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో చెప్పిన విషయం గుర్తుచేశారు. వేర్వేరు వర్గాలవాళ్లు ఒకచోట చేరినంత మాత్రాన ఒకరి మీద ఒకరికున్న అపోహలు పోవు. ఆ చోట అందరి హోదా సమానంగా ఉండాలి, అందరికీ ఒకటే లక్ష్యం ఉండాలి, దానికోసం కలిసి పనిచేయాలి, పైవాళ్ల మద్దతూ ఉండాలి. 2006లో అదే రంగంలోని థామస్ పెటిగ్రూ, లిండా ట్రాప్ 515 అధ్యయనాలను కలిపి చూస్తే, ఈ నాలుగూ లేకపోయినా పరిచయం వల్ల ఎంతోకొంత మేలు ఉంటుందనీ, ఉంటే ఆ మేలు ఇంకా పెరుగుతుందనీ తేలింది. నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం వాళ్లిద్దరూ 2008లో రాసిన ఇంకో సంగతి. అవతలివాళ్ల గురించి సమాచారం తెలియడం వల్ల తగ్గే అపోహ కొంచెమే, వాళ్ల దగ్గర ఉన్నప్పుడు మనకు కలిగే టెన్షన్ తగ్గడం, వాళ్ల వైపు నుంచి చూడగలగడం, ఈ రెండింటి వల్ల తగ్గేది అంతకంటే ఎక్కువ. మనం ఇన్నేళ్లూ పంచింది సమాచారమే. మా దుస్తులు ఇవి, మా వాయిద్యాలు ఇవి అని చూపించుకున్నాం, టెన్షన్ తగ్గే పని ఒక్కటీ పెట్టుకోలేదు.

అందుకని కార్యవర్గం ఏడాది మొదట్లోనే ఒక నిర్ణయం తీసుకుంది. వేదిక ఎక్కే ఏ అంశంలోనైనా కనీసం రెండు వేర్వేరు సంస్కృతులవాళ్లు కలిసి ఉండాలి, అదీ ముందు నుంచీ కలిసి తయారుచేసుకుని ఉండాలి. దీనిమీద కొందరు తల్లిదండ్రులు నొచ్చుకున్నారు. మా పిల్లలు మా ఆట నేర్చుకోవడమే గగనం, ఆ ఒక్క వేదిక కూడా తీసేస్తారా అని అడిగారు. వాళ్ల బాధలో న్యాయం ఉంది. సొంతది గట్టిగా రానివాళ్లు పక్కవాళ్లతో పంచుకునేదేముంటుంది? అందుకే ఎవరి కళ వాళ్లు నేర్చుకునే వారాంతపు తరగతులను తగ్గించలేదు సరికదా, హాలులో ఇంకో గది వాటికే ఇచ్చాం. మార్చింది వేదిక మీది పద్ధతి ఒక్కటే.

రిహార్సల్ గదిలో

ఈ ఏడాది నాకు అన్నింటికంటే బాగా గుర్తుండిపోయేది మే 21న చేసిన కచేరీ కాదు, దాని ముందు జరిగిన రిహార్సళ్లు. (ఆ తేదీ ఎందుకని చాలామంది అడిగారు. 2001లో యునెస్కో సాంస్కృతిక వైవిధ్య ప్రకటన చేసింది, ఆ తర్వాత ఐక్యరాజ్యసమితి మే 21ని సంభాషణ, అభివృద్ధి కోసం సాంస్కృతిక వైవిధ్య దినంగా ప్రకటించింది.)

మృదంగం వాయించే సభ్యుడు ఒకరు, బల్గేరియన్ జానపద సంగీతం వచ్చిన అకార్డియన్ కళాకారిణి ఒకరు జంటగా చేస్తామన్నారు. ఇద్దరికీ ఏడు దెబ్బల లెక్క అలవాటే. ఆయనది కర్ణాటక సంగీతంలోని మిశ్రచాపు తాళం, అంటే మూడు, రెండు, రెండు: తకిట, తక, ధిమి. ఆమెది రచెనిత్సా అనే నాట్యపు లయ, అందులో రెండు, రెండు, మూడు. పొడుగు ముక్క చివర పడుతుంది. మొదటి రోజు ఇద్దరూ ఒకేసారి ఒకటి అని ఎత్తుకున్నారు. ఏడు దెబ్బల చుట్టు మొదట్లో కలుస్తున్నారు, మధ్యలో ఒకరి కాలు ఒకరు తొక్కుతున్నట్టు ఉంది. రెండో వారమూ అంతే, ఎవరి ఏడు సరైనది అనేదాకా వచ్చింది. మూడో వారం వాయిద్యాలు పక్కన పెట్టేసి, బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుని, వట్టి చేతులతో తట్టుకున్నారు. ఆమె తన లెక్క ఆగకుండా తడుతూ ఉంటే ఆయన కళ్లు మూసుకుని వింటూ వింటూ, ఆమె నాలుగు దెబ్బలు అయ్యాక ఐదో దెబ్బ మీద "తకిట" అని అందుకున్నారు. మూడు, రెండు, రెండు. సరిగ్గా కూర్చుంది. ఆమెకు చివర అయింది ఆయనకు మొదలు, ఇద్దరూ తిప్పుతున్నది ఒకటే చక్రం, ఎక్కే చోటు వేరు. ఆమె తట్టడం ఆపకుండానే నవ్వేశారు. ఆ తర్వాత ఓ పావుగంట వాళ్లు అలాగే తడుతూ ఉన్నారు, గదిలో ఉన్న మేమంతా కూడా ఎవరికి తోచిన చోట వాళ్లం అందుకున్నాం.

ఒకే మ్యూజిక్ స్టాండ్ ముందు ఇద్దరు వేర్వేరు బృందాలవాళ్లు కూర్చోవాలన్న పద్ధతిని కూడా ఈ ఏడాదే పెట్టాం. 1999లో ఆర్కెస్ట్రా నిర్దేశకుడు డేనియల్ బారెన్‌బోయిమ్, రచయిత ఎడ్వర్డ్ సయీద్ జర్మనీలోని వైమార్‌లో ఇజ్రాయెల్ నుంచీ అరబ్ దేశాల నుంచీ వచ్చిన యువ సంగీతకారులను కూర్చోబెట్టి మొదలుపెట్టిన వెస్ట్-ఈస్టర్న్ దివాన్ ఆర్కెస్ట్రా గురించి చదివాక వచ్చిన ఆలోచన అది. ఆర్కెస్ట్రాలో తీగ వాయిద్యాలవాళ్లు ఇద్దరిద్దరు ఒకే కాగితం చూసి వాయిస్తారు, ఒకరు పేజీ తిప్పుతారు. రాజకీయాలు అక్కడ పరిష్కారం కాలేదు, కానీ పేజీ తిప్పేవాళ్ల మీద నమ్మకం లేకుండా ఎవరూ వాయించలేరు. మన దగ్గర గొడవలు అంత పెద్దవి కావు, అయినా ఆ స్టాండ్ బాగా పనిచేసింది.

పిల్లల తరగతి

మనస్తత్వ శాస్త్రవేత్త ఎలియట్ ఆరన్సన్ 1971లో టెక్సాస్‌లోని ఆస్టిన్ బడుల్లో ఒక పద్ధతి తెచ్చాడు. వేర్వేరు జాతుల పిల్లలను అప్పుడే ఒకే తరగతిలో కూర్చోబెట్టడం మొదలై, గొడవలు జరుగుతున్న రోజులవి. పాఠాన్ని ముక్కలు చేసి, బృందంలో ఒక్కో పిల్లవాడికి ఒక్కో ముక్క ఇస్తారు. అందరి ముక్కలూ విని తీరాలి, లేకపోతే పాఠం ఎవరికీ పూర్తి కాదు. జిగ్‌సా అంటారు దీన్ని. మన వారాంతపు తరగతిలో పంచతంత్రం చేసిన ప్రయాణాన్ని పాఠంగా తీసుకుని ఇలాగే చేశాం. ఒకరికి సంస్కృత కథ, కరటక దమనకులనే నక్కలు ఉన్న ముక్క. ఒకరికి ఆరో శతాబ్దపు ఇరాన్ ముక్క, అందులో ఖుస్రో అనుషిర్వాన్ ఆస్థాన వైద్యుడు బుర్జోయ్ దాన్ని పహ్లవీలోకి, అంటే అప్పటి పర్షియన్‌లోకి తీసుకెళ్తాడు. ఇంకొకరికి ఎనిమిదో శతాబ్దంలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా చేసిన అరబీ అనువాదం. మరొకరికి అక్కణ్ణుంచి హీబ్రూ, పదమూడో శతాబ్దంలో లాటిన్, 1570లో థామస్ నార్త్ ఇంగ్లీషు దాకా వెళ్లిన దారి.

అరబీ ముక్క వచ్చింది కొత్తగా చేరిన ఒక బాబుకు. మిగతావాళ్ల భాష వాడికింకా సరిగ్గా రాదు, మామూలుగా అయితే గోడ పక్కన కూర్చునేవాడు. ఆ రోజు వాడి ముక్క లేకపోతే ఎవరి పాఠమూ ముందుకు కదలదు కాబట్టి మిగతా ముగ్గురూ ఓపిగ్గా ఆగారు. వాడు వేలితో చూపిస్తూ "కలీల, దిమ్న" అన్నాడు. ఎదురుగా ఉన్న అమ్మాయి తన కాగితం చూసుకుని "కరటక, దమనక" అంది. మళ్లీ వాడు, మళ్లీ ఆమె. మూడోసారికి నలుగురూ ఒక్కసారే అరిచారు, అవి ఆ నక్కలేనని. పహ్లవీ అనువాదం ఇప్పుడు దొరకదనీ, యూరప్‌కు కథలు వెళ్లింది ప్రధానంగా అరబీ మీదుగానేననీ టీచరు చెప్పినప్పుడు, అయితే ఈ ముక్క లేకపోతే మిగతావాళ్లకు కథే లేదన్నమాట అని ఒక పాప అడిగింది. అరబీ ముక్క బాబు నిటారుగా కూర్చున్నాడు.

తరగతికి టీచర్లు సరిపోవడం లేదు, ఈ సంగతి మళ్లీ కింద వస్తుంది.

అనువాదాలు, దుబాసీలు

ఫిబ్రవరి 21న అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం నాడు ఉపన్యాసాలు పెట్టలేదు. ప్రతి ఒక్కరూ తమ భాషలో వేరే భాషలోకి లొంగని ఒక మాట తెచ్చి, అందరికీ అర్థమయ్యేదాకా చెప్పాలన్నాం. తెలుగువాళ్లు "మొహమాటం" తెచ్చారు. సిగ్గు కాదు, భయం కాదు, మర్యాద అంటే సరిపోదు, ఎలా చెప్పాలో తెలియక చివరికి ఇద్దరు లేచి, ఇంకో ముద్ద పెట్టబోతే వద్దనలేక కావాలనలేక నలిగిపోయే అతిథిని నటించి చూపించారు. వెంటనే జపనీస్ తెలిసిన సభ్యురాలు మా "ఎన్‌ర్యో" దీనికి దగ్గరే అన్నారు. పర్షియన్ మాట్లాడే పెద్దాయన "తారోఫ్" అన్నారు, మళ్లీ ఆయనే అందులో పైకి అనే మాటలే ఎక్కువ, లోపల నలగడం ఉండాలని లేదు అని తేడా చెప్పారు. ఒక్క మాట మీద గంట గడిచింది. ఈ నివేదికను ఏ భాషవాళ్లు ఆ భాషలో రాసుకోవాలని తీర్మానించింది ఆ రోజే.

ఒక తప్పు కూడా చెప్పాలి. పెద్దల జ్ఞాపకాల సమావేశంలో రెండు గంటలకు పైగా ఒకే వాలంటీర్ చేత దుబాసీ పని చేయించాం. చివర్లో ఆమె మాటలు తడబడ్డాయి, మరుసటి రోజు ఫోన్ చేస్తే గొంతు పెగలలేదు. వృత్తిగా ఏకకాల అనువాదం చేసేవాళ్లు సాధారణంగా ఇద్దరుంటారు, ఇరవై ముప్పై నిమిషాలకు ఒకరి పని ఇంకొకరు అందుకుంటారు. నాజీ నాయకుల మీద 1945లో మొదలైన న్యూరెంబర్గ్ విచారణల్లోనే బృందాలు వంతులు వేసుకుని చేశాయి. మనకు తెలియకపోలేదు, పట్టించుకోలేదు. ఇకపై ఇద్దరు దొరక్కపోతే సమావేశం వాయిదా వేస్తాం, అంతే.

పరిశోధన

చదువుకునే బృందం నెలకోసారి క్రమం తప్పకుండా కలిసింది. అందులో నడిచిన చర్చల వివరాలు కావాలంటే మినిట్స్ పుస్తకం చూడండి.

ఇక్కడ నేను ఎక్కువ చెప్పాల్సింది రికార్డింగుల గొడవ గురించి. ఏడాది మొదట్లో బయటి విశ్వవిద్యాలయం ఒకదాని నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థికి మన పెద్దలను మనమే పరిచయం చేశాం. వలస వచ్చిన రోజుల గురించి ఆయన చాలా ఓపిగ్గా, మర్యాదగా అడిగి రికార్డు చేసుకున్నారు. కొన్ని నెలల తర్వాత ఒక పెద్దావిడ మాటలు ఒక సదస్సు పత్రంలో వచ్చాయి. పేరు లేదు, కానీ చెప్పిన సంగతిని బట్టి ఎవరో తెలిసిపోతుంది. ఆమెకు ఆ విషయం మనవడు చదివి వినిపించాక తెలిసింది. అనుమతి పత్రం మీద సంతకం చేశారు కదా అని అడిగితే, చేశాను, ఆ కాగితం నాకు రాని భాషలో ఉంది అన్నారు.

మనుషుల మీద చేసే పరిశోధనకు అమెరికాలో వచ్చిన 1979 నాటి బెల్‌మాంట్ నివేదిక మూడు సూత్రాలు చెప్పింది: మనిషిని గౌరవించడం, మేలు చేయడం, న్యాయంగా ఉండడం. అంగీకారం అంటే సమాచారం, దాన్ని అర్థం చేసుకోవడం, సొంత ఇష్టం, ఈ మూడూ కలిసి ఉండాలనీ అందులోనే ఉంది. ఆ సంతకంలో రెండోది లేదు. పెద్దావిడ అడిగాక ఆ విద్యార్థి ఆ భాగం తీసేయడానికి ఒప్పుకున్నారు, అందుకు ఆయనకు కృతజ్ఞతలు, కానీ పరిచయం చేసింది మనం కాబట్టి ముందు జాగ్రత్త పడాల్సింది మనమే. ఇకమీదట మన ద్వారా వచ్చే ఏ పరిశోధకులైనా అనుమతి పత్రం చెప్పేవాళ్ల భాషలో ఇవ్వాలి, రాత ప్రతిని ముందు వాళ్లకు చదివి వినిపించాలి, వద్దన్న భాగం తీసేయాలి, ఏం తేలిందో మన హాలులో ముందు చెప్పి తర్వాతే బయట చెప్పాలి. ఈ షరతులు విని ఒకరిద్దరు పరిశోధకులు వెనక్కి తగ్గారు. ముగ్గురు ఒప్పుకున్నారు, వాళ్లలో ఒకరు రాత ప్రతి చదివి వినిపిస్తున్నప్పుడు పెద్దావిడే ఆపి, అప్పుడు చెప్పని ఇంకో సగం చెప్పడం మొదలుపెట్టారట.

మిగతావి

జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా పంపారు, ఆడిట్ పూర్తయింది. సభ్యత్వం పెద్దగా పెరగలేదు, తగ్గలేదు. మైకులు పాతబడ్డాయి.

సర్వసభ్య సమావేశంలో మీ ఓటుకు వచ్చేవి మూడు. పరిశోధన షరతులను నియమావళిలో చేర్చడం ఒకటి. దుబాసీల శిక్షణకు నిధి పక్కన పెట్టడం రెండోది. మూడోది వేదిక మీద జంట అంశాల పద్ధతిని ఇంకో ఏడాది కొనసాగించడం, నొచ్చుకున్న తల్లిదండ్రుల తరఫున దీనికి సవరణ కూడా వస్తోంది, దాన్నీ పూర్తిగా చదివే ఓటేయండి. పిల్లల తరగతికి వారానికి రెండు గంటలు ఇవ్వగలిగినవాళ్లు ఆ రోజే పేరు ఇవ్వండి, బోధన అనుభవం లేకపోయినా నేర్పిస్తాం. ప్రశ్నలుంటే సమావేశానికి వారం ముందు రాసి పంపండి, మీకు వచ్చిన భాషలోనే రాయండి, చదివి చెప్పడానికి ఇద్దరిద్దరు చొప్పున మనుషులను పెట్టాం.