183వ రోజు సంగతేంది సార్?

ఎడిటర్ గారికి నమస్తే,

పోయిన వారం మా కాలనీ వాట్సాప్ గ్రూపుల పెద్ద లొల్లి నడిచింది. 2030 కామన్వెల్త్ గేమ్స్ అహ్మదాబాద్ కొట్టుకపోయింది, ఒలింపిక్స్ కూడా వాళ్లే అడుగుతున్నరు, మరి మన హైదరాబాద్ కి ఏంది, మనం వరల్డ్ ఎక్స్‌పోకి, అంటె దేశాలన్ని పెవిలియన్లని తలా ఒక మండపం పెట్టి నెలల తరబడి నడిపే ప్రపంచ మేళాకి, బిడ్ వెయ్యాలె అని రిటైర్డ్ ఇంజినీర్ సారొకాయన రాసిండు. దాని కింద చప్పట్ల బొమ్మలే బొమ్మలు. నేను ఒక్కటే అడిగిన, అయిపోయినంక ఆ జాగల ఏం చేద్దాం సార్ అని. నెగిటివ్ మైండ్‌సెట్ అన్నరు. గ్రూపుల ఎక్కువ రాస్తే అడ్మిన్ కి కోపమొస్తది కాబట్టి మీకు రాస్తున్న, కొంచెం పొడుగైతది ఏమనుకోకండి, కత్తిరించినా పర్వాలేదు గని దుబాయ్ ముచ్చట మాత్రం ఉంచండి.

నేను పెద్ద చదువులు చదివినోన్ని కాదు. ఐటీఐ చేసిన, మాది జగిత్యాల దిక్కు, పదకొండేండ్లు దుబాయ్ ల ఏసీ డక్టింగ్ పని చేసిన, ఇప్పుడు కుషాయిగూడల చిన్న షాపు. దుబాయ్ ఎక్స్‌పో 2020 సైట్ మీద నేను, మా క్యాంపుల మన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పోరగాండ్లు, ఏడాదిన్నర పైన పని చేసినం. తెల్లారుగట్ల నాలుగింటికి బస్సు, టిఫిన్ డబ్బల పప్పు అన్నం, ఎండాకాలం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక పగలు పన్నెండున్నర నుంచి మూడింటి దాక బయట పని బంద్ అని అక్కడ రూలు, ఆ రెండున్నర గంటలు నీడకు పడుకుంటే ఒళ్లంత ఉప్పు పేరుకునేది. కరోనాతోని ఏడాది ఎనకకు జరిగింది, 2021 అక్టోబర్ 1 నుంచి 2022 మార్చి 31 దాక నడిచింది, పేరు మాత్రం 2020 అనే ఉంచినరు.

182 రోజులు. లెక్క పెట్టిన నేను.

తెరిచిన నెలలనే 95 దిర్హమ్ల టికెట్ కొనుక్కొని పోయిన, పని చేసినోడు చూడకుంటె ఎట్ల. అల్ వస్ల్ అని నడిమిట్ల ఒక గుమ్మటం, 130 మీటర్ల వెడల్పు, రాత్రి కాంగనే దాని మీద బొమ్మలు ఆడుతయి, నోరు తెరిచి చూసుడే. ఇండియా పెవిలియన్ కి ముందటి గోడ మొత్తం తిరిగే పలకలు, ఆరు వందలు ఉంటయట, నాలుగు అంతస్తులు. ఇంకో దేశం పెవిలియన్ లోపల సీలింగ్ ల నేను బిగించిన డిఫ్యూజర్, అంటె ఏసీ గాలి బయటికొచ్చే జాలి, కాడ నిలబడి మా ఆవిడకు వీడియో కాల్ చేసిన, చల్లగాలి వస్తుందా అని ఫోన్ పైకి పెట్టి చూపిచ్చిన. ఆమె నవ్వింది. ఎక్స్‌పో పాస్‌పోర్ట్ అని చిన్న బుక్కు అమ్ముతరు, ఒక్కో దేశం పెవిలియన్ ల ఒక్కో స్టాంపు ఏస్తరు, అది ఇప్పటికీ మా పిల్లగాని అల్మారల ఉంది. అంటే నేను ఎక్స్‌పోకి శత్రువును కాదు, ముందే చెప్తున్న.

అసలు ముచ్చట మే నెలలది. గేట్లు మూసినంక కొన్ని పెవిలియన్లు ఇప్పే పని మాకే వచ్చింది. నేను ఎక్కి బిగించిన నట్లు నేనే ఎక్కి ఇప్పిన, ఏడాది కూడా కాలేదు, డక్టు రేకు మీద మార్కర్ తోని రాసుకున్న నంబర్లు కూడా చెరిగిపోలేదు. కొత్త మాలు, స్క్రాప్ లెక్క కట్టి కిలోల మీద తూకం ఏసినరు. మా ఫోర్‌మన్ మలయాళీ, మంచోడు, కట్టినప్పుడు పైసలు, ఇప్పినప్పుడు పైసలు, నీకేంది బాధ అన్నడు. పైసలు కూడా సరిగ్గా రాలేదనుకోండి, మా సబ్ కాంట్రాక్టర్ రెండు నెలల జీతం ఇప్పటికీ బాకీ, పేరు రాయ, రాసి లాభం లేదు.

అయినా దుబాయ్ గెలిచిందనే నేనంట. ఎందుకంటె వాళ్లు ఎక్స్‌పో కోసం ఊరు కట్టలేదు, కట్టాలనుకున్న ఊరికి ఎక్స్‌పోని వాడుకున్నరు. 438 హెక్టార్ల జాగ, మన లెక్కల వెయ్యిన్ని ఎనభై ఎకరాలు, ఉత్త ఇసుక, ఎవ్వరి ఇల్లు కూలలేదు, పక్కన కొత్త ఎయిర్‌పోర్ట్. రెడ్ లైన్ మెట్రోని 15 కిలోమీటర్లు పొడిగిచ్చినరు, ఏడు స్టేషన్లు. సీమెన్స్ లాంటి కంపెనీలు ఎక్స్‌పో అయినంక ఈడ ఆఫీసు పెడ్తమని ముందే ఒప్పుకున్నయి. ఇప్పుడు దాని పేరు ఎక్స్‌పో సిటీ, 2023 చివరల కాప్28 వాతావరణ సదస్సు ఆ బిల్డింగుల్లనే అయ్యింది. అంటే 183వ రోజు ఏం చెయ్యాలె అని మొదటి తట్ట మట్టి ఎత్తకముందే కాయితం మీద రాసుకున్నరు. అంత రాసుకున్న జాగలనే మేము అన్ని నట్లు ఇప్పినం, రాసుకోకపోతే ఎట్లుంటదో మీరే ఆలోచించండి.

రాసుకోనోళ్లు కూడా ఉన్నరు. అమెరికల న్యూ ఆర్లీన్స్ 1984 ల పెడితే ఎక్స్‌పో నడుస్తుండంగనే దివాళా తీసింది. జర్మనీల హానోవర్ 2000 ల 4 కోట్ల మంది వస్తరని లెక్కేస్తే వచ్చింది కోటీ 80 లక్షలు, వంద కోట్ల యూరోలకు పైన లాస్. జర్మన్లకే లెక్క తప్పిందంటె మనోళ్ల ప్రాజెక్ట్ రిపోర్ట్ నేను నమ్మాల్నా. మొన్నటి జపాన్ ఒసాకానే చూడండి, ముందు 12 వేల 500 కోట్ల యెన్లల కడ్తమన్నరు, ఆఖరికి అది 23 వేల 500 కోట్లు అయ్యింది. నడిపిన ఖర్చు వరకే చూస్తే మిగిలిందంటరు, రెండున్నర కోట్ల మంది వచ్చినరు, రెండు కిలోమీటర్ల చుట్టు కట్టెతోని కట్టిన రింగు బ్రహ్మాండం, ఫొటోలు చూసిన నేను. గని అది సముద్రంల మట్టి పోసి చేసిన దీవి, ఆ దీవి మీదనే క్యాసినో కడుతున్నరు. మన కాలనీ గ్రూపోళ్లకు ఈ చివరి ముక్క నచ్చుతదేమో.

ఇంకోటి, బిడ్ అంటె ఏందో కూడా గ్రూపుల ఎవ్వరికి తెల్వదు. సిటీ పోయి టెండర్ ఏసినట్టు కాదు. బిడ్ ఏసేది దేశం, అంటె ఢిల్లీ ఒప్పుకోవాలె, పారిస్ ల ఈ ఎక్స్‌పోలను చూసుకునే బీఐఈ అని ఆఫీసుంది, దాంట్ల మెంబర్ దేశాలు రహస్యంగ ఓటేస్తయి, చిన్న దేశమైనా పెద్ద దేశమైనా ఒక్కటే ఓటు. 2030 ఎక్స్‌పో కోసం 2023 నవంబర్ 28 న ఓటేసినరు, రియాద్ కి 119, కొరియాల బూసాన్ కి 29, రోమ్ కి 17. శాంసంగ్, హ్యుందాయ్ ఉన్న దేశం, వాళ్ల ప్రెసిడెంట్, కంపెనీ ఓనర్లు అందరు దేశాలన్ని తిరిగి ఓట్లు అడిగితే 29 వచ్చినయి, ఆఖరికి ప్రెసిడెంట్ టీవీల నిలబడి సారీ చెప్పిండు. ఫ్రాన్స్ తెలివైంది, 2025 కి పారిస్ పేరు మీద బిడ్ ఏసి, లెక్క కుదుర్తలేదని 2018 జనవరిల ఎనకకు తీసుకున్నది. ఎవ్వరు నవ్వలేదు, పారిస్ కి వచ్చిన నష్టం ఏం లేదు. 2030 పోయింది కాబట్టి మనకు పెద్ద ఎక్స్‌పో అంటె మళ్లా 2035 మాటే.

మన తెలుగోళ్లకు ఈ ఎక్స్‌పోల తోని పాత చుట్టరికం ఉంది, అది కూడా చెప్పాలె. మొట్టమొదటిది లండన్ ల 1851 ల అయ్యింది, అద్దాల మేడ కట్టి అండ్ల కోహినూర్ పెట్టినరు. మన కృష్ణ ఒడ్డు కొల్లూరు గనిల దొరికిందని చెప్పే రాయి, ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. లండన్ జనం లైన్లు కట్టి చూసి, ఇదేంది మెరుస్తలేదు అని పెదవి ఇరిసినరట, తర్వాత ఏడాదే దాన్ని కోసి సగానికి దగ్గర చేసినరు. సరే రాయి ముచ్చట పక్కన పెడితే, ఆ మేళాల ఖర్చులు పోను 1 లక్షా 86 వేల పౌండ్లు మిగిలితే ఆ పైసల తోని భూమి కొని మ్యూజియంలు పెట్టినరు, ఇయ్యాల్టికి కూడా పిల్లలు పోయి చూస్తున్నరు.

రెండోది చికాగో. 1893 ఫిబ్రవరి 13 న వివేకానందుడు మన సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీల మాట్లాడిండు, నేను అమెరికాకు ఎందుకు పోతున్న అని. అదే ఏడు సెప్టెంబర్ 11 న చికాగోల మాట్లాడిన సభ ఆ ఊళ్లె జరుగుతున్న వరల్డ్ ఫెయిర్ తోని కలిపి పెట్టిందే. జెయింట్ వీల్ కూడా ఆ ఫెయిర్ లనే పుట్టింది, 264 అడుగుల ఎత్తు, దాని మనవడే మన నాంపల్లి ఎగ్జిబిషన్ ల తిరిగేది. ఆ ఫెయిర్ బిల్డింగులు శానా వరకు జనపనార, ప్లాస్టర్ కలిపి పూసినయే, బయటికి పాలరాయి లెక్క కనపడ్తయి, ఏడాది తిరగకముందే అంటుకొని కాలిపోయినయి. వివేకానందుడు మాట్లాడిన బిల్డింగ్ మాత్రం నిలబడ్డది, ఎందుకంటె ఫెయిర్ అయినంక ఇది ఆర్ట్ మ్యూజియంకి ఇయ్యాలె అని కట్టకముందే ఒప్పందం అయ్యింది, పైసల్ల వాళ్లు కూడా కలిసినరు. ఇప్పటికీ అది మ్యూజియమే. మన వాళ్లు చికాగో పోతే దాని ముందట ఫొటో దిగి స్టేటస్ పెడ్తరు గని ఆ ఒప్పందం సంగతి ఎవ్వరు పెట్టరు.

ఇగ హైదరాబాద్ కి వద్దాం. దుబాయ్ లెక్క వెయ్యిన్ని ఎనభై ఎకరాలు ఎక్కడ తెస్తరు సార్? ఔటర్ రింగ్ రోడ్ అవతల అంటరు. అక్కడ ఇసుక లేదు, అక్కడ పత్తి ఉంది, అసైన్డ్ భూములున్నయి, చెరువు శిఖం ఉంది, పట్టా పాసుబుక్కుల పేరు తప్పు పడి తహశీల్దార్ ఆఫీసు చుట్టు తిరిగేటోళ్లు ఉన్నరు. ఎక్స్‌పో వస్తదట అని పేపర్ల పడ్డ తెల్లారే రోడ్డు పొంటి వెంచర్ల ఫ్లెక్సీలు లేస్తయి, బిడ్ గెలిచినా ఓడినా ప్లాట్లు అమ్ముకునేటోడు గెలుస్తడు, రైతు బయానా పైసల తోని ఊరుకుంటడు. 2017 ల పెద్ద సదస్సు అయి ఇవాంకా ట్రంప్ వచ్చినప్పుడు బిచ్చగాళ్లను ఏరి జైలు ఆవరణల పెట్టినరు, రోడ్లకు రంగులు ఏసినరు, అది మూడు రోజుల సంబురం. ఆర్నెల్ల సంబురం అయితే ఎవ్వరెవ్వర్ని ఏరాల్నో!

అన్నీ పాడు చేసుకున్నమని అంటలేను. 2002 నేషనల్ గేమ్స్ కోసం కట్టిన గచ్చిబౌలి స్టేడియం ఉన్నది, పనికొస్తున్నది, కాదన.

అసలు మనకు ఎక్స్‌పో లేదని ఎవరన్నరు? 1938 ల ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్ ల నుమాయిష్ మొదలుపెట్టినరు, ముల్కీ సామాన్లు, అంటె ఈడ తయారైన సామాన్లు చూపిచ్చుడు కోసం. చేతిల ఉన్నది రెండున్నర రూపాయలని చెప్తరు. 1946 ల నాంపల్లికి మారింది. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాక, పాతిక ఎకరాలు అటు ఇటు, రెండు వేలకు పైన స్టాళ్లు, వచ్చిన పైసల తోని ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలు నడుపుతది, సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ అసుంటియి. లండన్ వాళ్ల మ్యూజియం లెక్కనే కదా ఇది! ఎవ్వనికి బిడ్ ఎయ్యలేదు, పారిస్ ల ఓట్లు అడగలేదు. నేను ఏటా పోత, కాశ్మీర్ షాల్ ఆయన కాడ మా ఆవిడ అరగంట బేరం ఆడ్తది, ఆయన "బెహన్ జీ పిఛలే సాల్ భీ యహీ బోలే" అంటడు, ఆఖరికి ఇస్తడు. మిర్చి బజ్జీ, రైలు బండి, మైకుల పిల్లలు తప్పిపోయిన అనౌన్స్‌మెంట్. అదే నుమాయిష్ ల 2019 జనవరి 30 న మంటలు అంటుకొని వందల స్టాళ్లు కాలిపోయినయి. అండ్ల సామాను పెట్టినోళ్లకు అది ఏడాది సంపాదన. నేను కరెంటు, ఏసీ పని తెలిసినోన్ని, ఇప్పటికీ కొన్ని స్టాళ్ల ఎనక వైర్ జాయింట్లకు ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేసుడు చూస్తే గుండె గుబేలుమంటది. టాయిలెట్ల సంగతి ఆడోళ్లను అడగండి, నేను రాయ.

కాబట్టి 2035 కి బిడ్ వద్దు అంటున్న. అంత ఆశ ఉంటె చిన్న రకం ఎక్స్‌పో ఒకటి ఉంటది, మూడు నెలలు, 25 హెక్టార్లు దాటొద్దు, అంటె 62 ఎకరాల లోపల, 2027 ది సెర్బియాల బెల్‌గ్రేడ్ కి ఇచ్చినరు. అట్లాంటిదానికి కొట్లాడినా సరే, గని ఒక్క కాయితం ముందు మీ పేపర్ల అచ్చు కావాలె, మొదటి పేజీల: జాగ ఎవ్వరిది, ఎంతకు తీసుకుంటున్నరు, అయిపోయిన తెల్లారి తాళంచెవి ఎవరి చేతికి, ఇప్పే కూలోళ్ల జీతం బాధ్యత ఎవరిది. ఆఖరిది మన నాయకులెవ్వరు రాయరని నాకు తెలుసు, అందుకే ముందే అడుగుతున్న.

మా రిటైర్డ్ ఇంజినీర్ సారు మీ పేపర్ చదువుతడు. సారూ, ఈసారి జనవరిల నుమాయిష్ కి కలిసి పోదాం, టికెట్ నాది, ఆ వైర్ జాయింట్లు మీకు చూపిస్త.

ఇట్లు
మీ పాఠకుడు
కుషాయిగూడ, హైదరాబాద్